పేట పక్కకి పార్కు వస్తోంది: అద్దెకున్నవాళ్లు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకీ తెలియాలి కదా. విశాఖలో గెడ్డ (వాన నీళ్లు, మురుగు పారే వాగు) ఒడ్డున ఒక పేటలో పోర్షన్ అద్దెకి తీసుకుని ఉంటున్నారు, అమ్మగారికి రోడ్డు మీద టిఫిన్ బండి ఉంది. గెడ్డకి రెండు పక్కలా గోడలు కట్టి, మొక్కలు పెట్టి, వాకింగ్ ట్రాక్‌తో పార్కు చేస్తారని కబురొచ్చింది. అప్పట్నుంచి ఇంటి ఓనరు అద్దె మాట ఎత్తుతున్నారు, ఎవరెవరో కార్లలో వచ్చి స్థలాలు చూసి వెళ్తున్నారు. "పార్కు మంచిదే, దాన్ని వద్దంటే మేమే చెడ్డవాళ్లం అవుతాం. కానీ అది వచ్చాక మేం ఇక్కడ ఉంటామా?" ఇదీ మీ ప్రశ్న.

పార్కుని వద్దనకండి. అలాగని మీ భయం ఉత్తదేం కాదు, టెన్షన్ పడటానికి కారణం ఉంది. నాకు తెలిసినంతలో, పార్కు వచ్చేలోపు ఎవరి చేతిలో ఏ కాగితం ఉందన్నదాన్ని బట్టే తర్వాత ఎవరు ఉంటారో ఎవరు వెళ్తారో తేలుతుంది. పట్టా, రాసుకున్న అద్దె ఒప్పందం, చిరువ్యాపారి గుర్తింపు కార్డు, సర్వే జాబితాలో పేరు. ఇవి ముందు రావాలి, పార్కు తర్వాత రావాలి. ఈ వరస తారుమారైన ప్రతిచోటా అద్దెకున్నవాళ్లే మొదట వెళ్లారు.

నేను ఈ ఊళ్లోనే పేటల సర్వేల్లో, ఆ తర్వాత పునరావాస కాలనీల పనుల్లో చాలా ఏళ్లు తిరిగాను. వేరే దేశాల్లో దీని మీద జరిగిన పరిశోధన కూడా చదువుతూ ఉంటాను. రెండూ కలిపి చెప్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదటగా ఒక సంగతి. పార్కు తెరిచాక ధరలు పెరుగుతాయని చాలామంది అనుకుంటారు, నిజానికి అవి కబురుతోనే కదులుతాయి. పేపర్లో రంగుల బొమ్మ పడిన వారానికే బ్రోకర్లు దిగుతారు. అప్పటిదాకా వాన పడితే మురుగు ఇంట్లోకి వచ్చే స్థలం కాస్తా బ్రోషర్లో "పార్క్ ఫేసింగ్" అయిపోతుంది. పక్క పేటలో పట్టా ఉన్న ఓనరుకి బిల్డరు వచ్చి డెవలప్‌మెంట్‌కి ఇవ్వమంటాడు, పాత రేకుల ఇల్లు తీసేసి నాలుగంతస్తులు వేసి సగం సగం పంచుకుందామంటాడు. ఓనరుకి అది జన్మలో ఒక్కసారి వచ్చే అవకాశం, కాదనమని నేను చెప్పలేను. కానీ ఆ రేకుల ఇంట్లో ఉన్న నాలుగు పోర్షన్ల వాళ్ల సంగతి ఆ మాటల్లో ఎక్కడా రాదు. ఓ రెండు నెలలు గడువిచ్చి ఖాళీ చేయమంటారు. ఇందులో జేసీబీ రాదు, పోలీసులు రారు, పేపర్లో వార్త రాదు. అందుకే ఇలా వెళ్లినవాళ్ల లెక్క ఏ ఆఫీసులోనూ ఉండదు.

దీన్నే చదువుకున్నవాళ్లు గ్రీన్ జెంట్రిఫికేషన్ అంటారు. ఒక చోట ఇప్పుడు వస్తున్న అద్దెకీ, అక్కడ రాగల అద్దెకీ మధ్య తేడా పెరిగేకొద్దీ పెట్టుబడి అక్కడికి వస్తుందని నీల్ స్మిత్ అనే భూగోళ శాస్త్రవేత్త 1979లో చెప్పాడు. పచ్చదనం ఆ తేడాని ఒక్కసారిగా పెంచుతుంది. అందుకే డబ్బున్న కాలనీలో పార్కు పెడితే పెద్దగా ఏమీ మారదు, పేదల పేట పక్కన పెడితేనే అంతా కదులుతుంది.

దీనికి నేను చూసిన లెక్కల్లో స్పష్టమైనది షికాగోది. అక్కడ పాత రైలు గట్టు మీద 606 అనే పేరుతో నాలుగు కిలోమీటర్ల పైచిలుకు నడక, సైకిల్ దారి 2015లో తెరిచారు. దాని తూర్పు కొస అప్పటికే డబ్బున్నవాళ్లుండే చోటు, పడమటి కొసలో ఎక్కువగా కార్మిక కుటుంబాలు, లాటిన్ అమెరికా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. డీపాల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇళ్ల ధరలు చూస్తే, 2013లో పని మొదలైనప్పట్నుంచి మూడేళ్లలో తూర్పున 14 శాతం లోపు పెరిగితే పడమట 48 శాతం పెరిగాయి. దారి ఒకటే, చెట్లు అవే. ఆ నగరం మేల్కొని, ఆ చుట్టుపక్కల పాత ఇల్లు కూలగొట్టాలంటే కనీసం 15 వేల డాలర్లు అదనంగా కట్టాలని 2021లో రూలు పెట్టింది. మంచి రూలే. కానీ దారి తెరిచి అప్పటికి ఆరేళ్లయింది, వెళ్లాల్సినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు.

న్యూయార్క్‌లో హై లైన్ గురించి వినే ఉంటారు, వాడకంలో లేని రైలు వంతెన మీద వేసిన పార్కు, 2009లో మొదటి భాగం తెరిచారు. అందరూ దాని అందం గురించే మాట్లాడతారు. కానీ 2005లోనే ఆ చుట్టూ పెద్ద భవనాలకి అనుమతిచ్చేలా జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే రూల్స్, మార్చారన్నది అసలు విషయం. ఆ పక్కనే ప్రభుత్వ గృహ సముదాయాల్లో ఉన్న పేద కుటుంబాల్ని చూడండి: వాళ్ల అద్దె బజారు ధరని బట్టి ఉండదు కాబట్టి వాళ్లు అక్కడే ఉండగలిగారు. కానీ ఆ పార్కు తమదని వాళ్లకి అనిపించలేదు, పెద్దగా వెళ్లలేదు కూడా. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ హామండ్ 2017లో ఈ సంగతి బహిరంగంగానే ఒప్పుకున్నాడు. డిజైన్ ఎలా ఉండాలని అడిగాం గానీ, మీకు మేం ఏం చేయగలం అని అడిగుండాల్సింది, మనుషులకి డిజైన్ కంటే పెద్ద సమస్యలుంటాయి అన్నాడు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి, రేపు మీ వార్డులో సమావేశం పెట్టి "బెంచీలు ఏ రంగువి కావాలి, ఓపెన్ జిమ్ ఎక్కడ కావాలి" అని అడిగినప్పుడు పనికొస్తుంది.

పార్కు ఎంత పెద్దదన్నది అంత ముఖ్యం కాదు. రిగోలోన్, నేమెత్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో పది నగరాల్లో కొత్త పార్కుల్ని పోల్చి చూశారు. ఊరి నడిబొడ్డుకి దగ్గరగా ఉన్నవి, పొడుగ్గా సాగుతూ నడకకి, సైకిలుకి దారిగా పనికొచ్చేవి, ఈ రెండు రకాల పార్కుల పక్కనే పేదలు ఉండే చోట్లు ఎక్కువగా మారిపోయాయి. పిల్లలు ఆడుకునే చిన్న పార్కుల పక్కన అంతగా మారలేదు. గెడ్డ వెంట పొడుగ్గా వేసే ట్రాక్ సరిగ్గా ఆ పొడుగు దారుల రకానికే చెందుతుంది. అందుకే మీ కేసుని తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను.

ఇక మన దేశం సంగతి వేరే. అమెరికాలో అద్దె పెరిగి నెమ్మదిగా పంపిస్తుంది, ఇక్కడ చాలాసార్లు నేరుగా ఇల్లే పోతుంది. అహ్మదాబాద్‌లో సబర్మతి రివర్‌ఫ్రంట్ 2012లో ప్రజలకి తెరిచారు. నది ఒడ్డున ఉన్న పది వేలకు పైగా కుటుంబాల్ని అక్కణ్నుంచి లేపారు, హైకోర్టు జోక్యం చేసుకున్నాకే పునరావాసం ఒక రూపానికి వచ్చింది. చాలామందికి ఇళ్లొచ్చాయి, కానీ వట్వా లాంటి ఊరి చివరి చోట్ల. మన పక్కనే హైదరాబాద్‌లో 2024లో మూసీ ఒడ్డు ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే తీసేయాల్సిన ఇల్లని గుర్తుగా, రాసినప్పుడు ఆ ఇళ్లలో వాళ్లు ఎంత కుమిలిపోయారో మనందరం టీవీల్లో చూశాం.

ఇక్కడ చట్టంలో ఉన్న సందు ఒకటి తెలుసుకోవాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, ప్రైవేటు భూమి తీసుకుంటే అక్కడ మూడేళ్లుగా అద్దెకున్నవాళ్లు, అక్కడి పనితో బతుకుతున్నవాళ్లు కూడా నష్టపోయే కుటుంబాల కిందికి వస్తారు, పునరావాసం అడగొచ్చు. కానీ గెడ్డ పోరంబోకు ప్రభుత్వానిదే. సొంత స్థలంలో పార్కు వేసుకోవడానికి సేకరణ అక్కర్లేదు, సేకరణ లేకపోతే ఆ చట్టం ముందుకే రాదు. అంటే పాతికేళ్లుగా ఉంటున్నా మీ పేరు ఏ ఫైల్లోనూ పడకుండానే పని అయిపోవచ్చు. పట్టా ఉన్న ఓనరు స్థలంలో కొంత ముక్క తీసుకుంటే టీడీఆర్ బాండు (వేరే చోట అదనంగా కట్టుకోవడానికో, అమ్ముకోవడానికో పనికొచ్చే హక్కు పత్రం) ఇస్తారు. అద్దెకున్నవాడికి ఏ బాండూ లేదు.

ఇంకో సందు మ్యాపు రంగు. ఆక్రమణల క్రమబద్ధీకరణకి ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు జీవోలు ఇస్తుంటాయి, మన విశాఖలో జీవో 296 పేరు తెలియని పేట లేదు. వాటన్నిట్లోనూ ఒక మాట ఉంటుంది, అభ్యంతరం లేని స్థలాలకే పట్టా అని. పార్కు, రోడ్డు, చెరువు, కాలువ, ఇవన్నీ అభ్యంతరాల కిందికి వస్తాయి. కాబట్టి మాస్టర్ ప్లాన్‌లో మీ పేట మీద ఆకుపచ్చ రంగు పడితే, మొక్క నాటకముందే పట్టా దారి మూసుకుపోతుంది. నా అనుభవంలో జనం అస్సలు పట్టించుకోనిది ఇదే, జేసీబీ కోసం చూస్తుంటారు, మ్యాపు చూడరు. మన నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ వేసిన 2041 మాస్టర్ ప్లాన్ మ్యాపులో మీ సర్వే నంబరు ఏ రంగులో ఉందో ముందు చూసుకోండి. మార్పులు ప్రతిపాదించినప్పుడు అభ్యంతరాలకి గడువిస్తారు, ఆ గడువులో రాతపూర్వకంగా ఇచ్చిన కాగితమే తర్వాత కోర్టులో నిలబడుతుంది.

గెడ్డ సంగతిలో ఒక చేదు నిజం కూడా చెప్పాలి. నీళ్లు పారే దారిలోకి కట్టుకున్న ఇళ్లు కొన్ని నిజంగానే ప్రమాదంలో ఉంటాయి. అల్పపీడనం పట్టినప్పుడల్లా పిల్లల్ని తీసుకుని స్కూల్లో పడుకునే కుటుంబాల్ని నేను చూశాను. వాళ్లని అక్కడే ఉంచమని పోరాడటం వాళ్లకి మేలు చేయదు. ఆ కొద్ది ఇళ్లని అదే వార్డులో, నడిచి వెళ్లే దూరంలో, వేరే చోట కట్టివ్వమని అడగాలి. ఆ కొద్ది ఇళ్లని చూపించి మొత్తం పేటని లేపడాన్ని మాత్రం ఒప్పుకోకూడదు.

దూరం ఎందుకంత ముఖ్యమో పునరావాస కాలనీల్లో పనిచేసినవాళ్లకి బాగా తెలుసు. మధురవాడ, పరదేశిపాలెం వైపు జేఎన్ఎన్‌యూఆర్ఎం అనే కేంద్ర పథకం కింద కాలనీలు కట్టారు. పక్కా ఇల్లు, సొంత బాత్రూమ్, అన్నీ నిజమే. కానీ ఎంవీపీ కాలనీలో నాలుగిళ్లలో పాచి పని చేసుకునే ఆవిడ పొద్దున్న ఆరింటికి మధురవాడ నుంచి రావాలంటే? షేర్ ఆటోకే రోజు కూలిలో ముక్క పోతుంది, ఒకిల్లు మానేస్తుంది, తర్వాత ఇంకోటి. పూర్ణా మార్కెట్‌లో తెల్లవారుజామున మూటలు మోసే ఆయనకి ఆ వేళకి బస్సే ఉండదు. కొన్నాళ్లకి ఆ ఇంటిని ఎవరికో అప్పజెప్పి మళ్లీ ఊళ్లోకి వచ్చి ఇంకో గెడ్డ ఒడ్డున పోర్షన్ వెతుక్కుంటారు. అప్పుడు అందరూ "ఇల్లిస్తే అమ్ముకున్నారు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ కుటుంబాలు ఎందుకు తిరిగొచ్చాయో అడిగినవాళ్లు తక్కువ.

ఇప్పుడు అమ్మగారి బండి. పార్కు వస్తే గిరాకీ పెరుగుతుందని మీరు రాశారు, పెరగొచ్చు కూడా, పొద్దున నడకకి వచ్చేవాళ్లు ఇడ్లీ తింటారు. కానీ పార్కు గేటు దగ్గర బండి ఉండనిస్తారా అన్నది వేరే ప్రశ్న. 2014 వీధి వ్యాపారుల చట్టం చాలా గట్టిది, జనానికి తెలియకపోవడమే సమస్య. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ తీయకూడదు, తీయాలన్నా, మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. 2025 సెప్టెంబర్‌లో మన దగ్గర నగర కార్పొరేషన్ జీవీఎంసీ ఆపరేషన్ లంగ్స్ పేరుతో బండ్లు, బడ్డీలు తీయించినప్పుడు చిరువ్యాపారుల సంఘాలు రోడ్డెక్కాయి. ఫుట్‌పాత్ మీద నడవడానికి చోటు కావాలన్నదాన్ని నేను కాదనను. కానీ ఎక్కడ పెట్టుకోవాలో ముందు చూపించి తర్వాత తీయాలి, ఆ వరస కూడా చట్టంలోనే ఉంది.

సియోల్‌లో చియోంగ్గైచియాన్ అని ఒక వాగు ఉంది. దాని మీదున్న ఫ్లైఓవర్ పడగొట్టి, 5.8 కిలోమీటర్ల మేర నీళ్లు పారించి 2005లో తెరిచారు. మన అధికారులు ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ ఆ ఫొటో చూపిస్తారు. అక్కడున్న తోపుడు బండ్ల వాళ్లని ఒక పాత స్టేడియంలోకి మార్చారు, కొన్నేళ్లకే ఆ స్టేడియం కూడా పడగొట్టి డిజైన్ ప్లాజా కట్టారు, వాళ్లు మళ్లీ లేవాల్సొచ్చింది. దీనికి ఎదురుగా అహ్మదాబాద్‌లోనే గుజరీ బజారుని చూడండి. నది ఒడ్డున ఆదివారాలు జరిగే ఆ పాత సంత వ్యాపారులు సంఘంగా కోర్టుకెళ్లి, మాట్లాడి, రివర్‌ఫ్రంట్ మీదే తమ సంతకి చోటు దక్కించుకున్నారు. ఇళ్ల విషయంలో అన్ని వేల కుటుంబాలు దూరం పోయిన అదే ప్రాజెక్టులో సంత నిలబడింది. సంఘం ఉంది, సభ్యుల పేర్లున్నాయి, అక్కడే వ్యాపారం చేస్తున్నామనడానికి ఆధారాలున్నాయి.

మన బీచ్ రోడ్డు సంగతీ ఇదే కోవలోది. జాలరిపేటల వాళ్లకి ఇసుక అంటే వలలు ఆరబెట్టుకునే చోటు, చేపలు ఎండేసుకునే చోటు, పడవ నిలబెట్టుకునే చోటు. అక్కడ గడ్డి పరిచి, దీపాలు పెట్టి, కుర్చీలు వేస్తే ఎవరి ఇల్లూ పోలేదు, నిజమే. కానీ ఎండు చేప వాసన వస్తోందని ఫిర్యాదులు మొదలవుతాయి, వల పరిస్తే సెక్యూరిటీ అతను లేపుతాడు. పని పోయాక ఇల్లు ఎన్నాళ్లుంటుంది? పార్కు డిజైన్‌లో వల ఆరబెట్టుకునే చోటుని కూడా బెంచీలతో సమానంగా గీయించొచ్చు, ఎవరైనా అడగాలి.

అన్నిటికీ పార్కునే తప్పుపట్టడం కూడా సరికాదు. మధురవాడ, కొమ్మాది వైపు గజం ధరలు పెరగడానికి ఐటీ కంపెనీలు, హైవే, భోగాపురం విమానాశ్రయం, ఇప్పుడు డేటా సెంటర్ల కబుర్లు, ఇవన్నీ పార్కుల కంటే చాలా పెద్ద కారణాలు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సెంట్రల్ పార్కు పాత జైలు స్థలంలో వేశారు, జైలు అడవివరం మారింది, అక్కడ ఖాళీ చేయించాల్సిన పేట లేదు. కాబట్టి మీ దగ్గర పెరుగుదల పార్కు వల్లా, ఊరంతా పెరుగుతున్నందువల్లా అని తేల్చుకోవాలంటే గెడ్డని ఆనుకున్న వీధినీ, ఒక కిలోమీటరు అవతలి వీధినీ పోల్చి చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్ఎస్ సైట్‌లో ఏ ప్రాంతానికి ఎంత విలువ కట్టారో ఎవరైనా చూడొచ్చు.

ఆ విలువలతో మీకు నేరుగా సంబంధం ఉంది. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్నుని అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద, అంటే రిజిస్ట్రేషన్ శాఖ కట్టే స్థలం ధర, కట్టడం ధర కలిపి లెక్కేస్తున్నారు. ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి ఉంది. 375 చదరపు అడుగుల లోపు సొంతింట్లో ఉండేవాళ్లకి ఏడాదికి 50 రూపాయలతో సరిపెట్టారు, అది చాలా మంచి పని. కానీ అద్దెకిచ్చిన ఇంటికి ఆ 50 రూపాయల రక్షణ లేదు. విలువ పెరిగితే పన్ను పెరుగుతుంది, ఓనరు దాన్ని మీ అద్దెలో కలుపుతాడు.

మరి పచ్చదనమే వద్దా? అలా అనేవాళ్లతో నేను ఒప్పుకోను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఈ ఊరు ఎలా ఉందో చూసినవాళ్లకి చెట్టు విలువ చెప్పక్కర్లేదు. మే నెలలో రేకుల కింద పసిపిల్లని పడుకోబెట్టే తల్లికి నీడ కావాలి, జ్ఞానాపురం, వన్‌టౌన్, మల్కాపురం వైపు బొగ్గు ధూళి పీల్చేవాళ్లకి చెట్లు అందరికంటే ఎక్కువ కావాలి. బాధేమిటంటే కొత్త పార్కులు ఎక్కువగా బీచ్ వైపే వస్తాయి. న్యూయార్క్‌లో గ్రీన్‌పాయింట్ అనే చోట, పక్కనున్న న్యూటౌన్ క్రీక్ కాలువని శుభ్రం చేయాలని స్థానికులు పట్టుబట్టారు, అదే సమయంలో అక్కడి వర్క్‌షాపులు, పనులు ఉండాలనీ అన్నారు. కాలువ బాగవ్వాలి, కెఫేలు అక్కర్లేదు అన్న ఆ ఆలోచన మన గెడ్డలకి సరిగ్గా సరిపోతుంది: మురుగు ఆపండి, పూడిక తీయండి, వీధి వీధికీ నీడనిచ్చే వేప, కానుగ పెట్టండి, పేట లోపల పిల్లలకి చిన్న చిన్న పార్కులు ఇవ్వండి. రెండు కిలోమీటర్ల ట్రాక్, రంగు దీపాలు, ఫుడ్ కోర్టు తర్వాత చూడొచ్చు.

ముందు జాగ్రత్త పడిన ఊరు ఒకటుంది. వాషింగ్టన్‌లో అనకోస్టియా నది మీద 11వ వీధి వంతెన పార్కు అనుకున్నప్పుడు, కట్టడం మొదలవ్వకముందే 2015లో అక్కడి పేద నల్లజాతి కుటుంబాల ఇళ్లు, ఉద్యోగాలు, చిన్న వ్యాపారాలు ఎలా కాపాడాలో ప్రణాళిక వేసుకున్నారు. భూమిని ఉమ్మడిగా ఉంచుకుని ఇళ్లని అందుబాటు ధరలోనే ఉంచే ట్రస్టు పెట్టారు. అంతా బాగుందని చెప్పను, ధరలు అక్కడా పెరిగాయి. కానీ వరస సరిగ్గా ఉంది. అట్లాంటాలో బెల్ట్‌లైన్ అనే 22 మైళ్ల హరిత దారికి 5,600 చవక ఇళ్ల లక్ష్యం కాగితం మీద పెట్టుకుని, పని మాత్రం దారి మీదే నడిపారు. ఆ ఆలోచన 1999లో తన చదువు కోసం రాసినాయన ర్యాన్ గ్రావెల్, 2016లో ఇదే కారణం చెప్పి ఆ సంస్థ బోర్డు నుంచి తప్పుకున్నాడు.

ఇక మీరు చేయాల్సింది. మీ పేటలో ఓనర్లు, అద్దెకున్నవాళ్లు ఒకే మాట మీద ఉంటారని అనుకోకండి. పట్టా ఉన్న ఓనరుకి పార్కు లాభమే, ఆయన శత్రువేం కాదు. ఆయనతో ఇప్పుడే, ధర ఇంకా పూర్తిగా ఎక్కకముందే మాట్లాడండి. మామూలుగా 11 నెలల అగ్రిమెంట్ రాస్తారు, ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి కాబట్టి. ఆ ఖర్చు మీరు భరిస్తామని చెప్పి మూడేళ్లకి, ఏటా ఇంతే పెంపు అని రాయించుకుని రిజిస్టర్ చేయించండి. నమ్మకంగా అద్దె కట్టేవాళ్లయితే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోయినా ఖాళీ చేయడానికి ఆరు నెలల గడువైనా రాయించుకోండి.

ఆర్టీఐ కింద పది రూపాయలు కట్టి పార్కు డీపీఆర్ (ఏం కడతారో, దేనికెంతో రాసే పూర్తి నివేదిక), సర్వే నంబర్లు, స్కెచ్చు, తీసేయాల్సిన కట్టడాల జాబితా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. డీపీఆర్‌లో ప్రహరీ గోడకి, గేట్లకి ఎంత పెట్టారో చూడండి. గేట్లన్నీ మెయిన్ రోడ్డు వైపే ఉండి పేట వైపు గోడ ఉంటే, ఆ పార్కు ఎవరికోసమో అక్కడే తెలిసిపోతుంది. పేట వైపు గేటు, కుళాయి, మరుగుదొడ్డి అడగండి, టికెట్ వద్దని అడగండి, మధ్యాహ్నం పూట తాళం వేయొద్దని అడగండి. మిట్ట మధ్యాహ్నం నీడ అక్కర్లేనిది ఏసీ ఉన్నవాళ్లకే. తోటమాలి, వాచ్‌మన్ పనులు పేటవాళ్లకే ఇవ్వాలని రాయించండి. గేటు పక్కన బండ్లకి చోటు డిజైన్‌లోనే గీయించండి.

అన్నిటికంటే ముందు, ఈ వారంలోనే, పేటలో ఉన్న ప్రతి కుటుంబం పేరు రాయండి, ఓనరైనా అద్దెకున్నవాళ్లైనా. ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఏం పని, ఎక్కడికి వెళ్తారు, అద్దె ఎంత, అన్నీ. ఆధార్‌లో, రేషన్ కార్డులో చిరునామా ఇక్కడిదే ఉందో లేదో చూడండి, పల్లెలోదే ఉంటే వార్డు సచివాలయంలో మార్పించండి. సర్వే రోజు మొదట అడిగేది అదే. అమ్మగారికి వ్యాపారి గుర్తింపు కార్డు లేకపోతే దరఖాస్తు పెట్టించండి, బండి అక్కడే ఉన్నట్టు ఫొటోలు తీసి దాచండి. కుటుంబాల జాబితా మీద అందరి సంతకాలు తీసుకుని రెండు నకళ్లు చేయండి. ఒకటి జోనల్ కమిషనర్ ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.